ఓడ పొట్ట రుద్దుడు

పలకలు అతికించటం అయిపోతే ఓడ బొమ్మ అయిపోయినట్టేనని చూసేవాళ్లు అనుకుంటారు. అసలు చాకిరీ అక్కడే మొదలవుతుంది.

రెండు నెలలుగా మా డైనింగ్ టేబుల్ మీద ఉన్నది ‘విక్టరీ’. 1765లో నీళ్లలోకి దింపిన ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌక. అసలుది పోర్ట్స్‌మత్‌లో ఉంది. మా ఇంట్లోది మూరన్నర పొడవు. పదో తరగతి సెలవుల్లో మావాడు మొదలుపెట్టి, పలకలు వేసి అటకెక్కించాడు. తర్వాత ఇంజినీరింగ్‌లో చేరటం, మూడో ఏడాది వదిలేసి ముంబైలో వంట కోర్సుకి వెళ్లటం, తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోవటం... ఎనిమిది నెలలు ఇద్దరి మధ్యా నేనే పోస్ట్‌మ్యాన్‌ని.

రిటైరయ్యాక ఒకరోజు మావారే దాన్ని కిందికి దించారు. ఎందుకని నేను అడగలేదు.

ముందు సందులు పూడ్చాలి. బజారు లప్పం కంటే, ఆ చెక్కనే రుద్దగా వచ్చిన పొడిని ఫెవికాల్‌లో కలిపి పెడితే రంగు దగ్గరగా కలుస్తుంది. ఆరాక ఉప్పు కాగితం. 120 నంబరు, తర్వాత 240, చివర 400. చెక్క నార ఎటు పోతే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి, వార్నిష్ వేశాక పళ్లికిలిస్తాయి. పైపొర మరీ పల్చన, ఇంకాస్త రుద్దితే కింద పొర బయటపడుతుంది. ముక్కు దగ్గర వంపులోకి కాగితం వెళ్లట్లేదని నా గోళ్ల ఆకురాయి పట్టుకెళ్లారు. అది మళ్లీ నా చేతికి రాలేదనుకోండి!

ఎత్తుపల్లాలు కంటికి దొరకవు. కళ్లు మూసుకుని అరచేత్తో తడమాలి. చపాతీ పిండికి అలవాటైన చెయ్యి కదా, ఆ పని నాకొచ్చింది. నేను “ఇక్కడ” అంటే ఆయన పెన్సిల్‌తో గుర్తు పెట్టేవారు. మా ఇద్దరికీ కలిపి ఒక పని దొరికి ఎన్నేళ్లయిందో.

ఓడల గురించి చదువుతూంటే ఆయనకో సంగతి తగిలింది. ఓ రాత్రి ఓడ ఫొటో తీసి, కింద రాసి, మావాడికి పంపేశారు: “1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే ఓడ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ దగ్గర ఇంకా నీళ్ల మీదే ఉంది.” బాగున్నావా లేదు, తిన్నావా లేదు. ఎనిమిది నెలల తర్వాత మొదటి మాట అది!

పొద్దున్నకి జవాబు: “రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకో నాన్నా.”

పెట్టుకున్నారు. నేను నెల రోజులుగా చెప్తే వినని మనిషి.

ఇప్పుడు నీటి గీత కింద రాగి రేకులు అతికిస్తున్నారు. చెక్కని తొలిచే సముద్రపు పురుగు పట్టకుండా 1780లో అసలు విక్టరీకి రాగి తొడుగు వేశారు. మాకు గోరంత రేకులు. వెనక నుంచి ముందుకి వరసగా వేసుకురావాలి. చేతి చెమట తగిలితే నల్లబడతాయట, అందుకని గ్లవ్స్.

“చింతపండు పెట్టి తోమేద్దాం లెండి” అన్నాను.

“ఓడని కూడా అంట్లలో వేస్తావా?” అన్నారు.

ఎడమవైపు రేకులు మొన్న పూర్తయ్యాయి. కుడివైపు ముట్టుకోవట్లేదు. అది వాడి వాటా అట. దీపావళికి రైలు టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉంది. రోజుకి నాలుగుసార్లు చూస్తున్నారు, నేను కాదు, ఆయన.