చందననగరములో నొక విశ్రాంతిదినము

దూరయాత్రలో విశ్రాంతిదినమనఁగా నూరక కూర్చుండు దినమని కొందఱు తలఁతురు. సైకిలుపైఁ బోవువారి కట్లు గాదు. బట్టలుదుకుకొనుట, బండ్లు తుడుచుకొనుట, కడుపార భుజించుట, చుట్టునున్న లోకమును నిదానముగాఁ జూచుట – ఇవన్నియు నాఁటి పనులే. సోదరీమణులారా! లావోసుదేశపు రాజధానియగు వియంటియానులో మేము గడపిన యట్టి దినమును గూర్చి మీకుఁ దెలుపుదును.

నా భర్త యుపాధ్యాయులు. దసరాసెలవులలో మే మిరువురమును వియత్నాము సరిహద్దు దాఁటి, సియెంగ్ ఖ్వాంగ్ పీఠభూమి మీఁదుగాఁ గొండదారులు త్రొక్కి, తొమ్మిదవనాఁటి సాయంకాలమున నీ నగరము చేరితిమి.

ఊరిపేరు దేశస్థుల నోట ‘వియెంగ్ చన్’. చందననగరమని దాని కర్థము చెప్పుదురు, చంద్రనగరమనువారును గలరు. రామాయణమును వీరికిఁ గలదు. దానిపేరు ‘ఫ్రా లక్ ఫ్రా లామ్’. లక్ష్మణుని పేరు ముందు, రాముని పేరు పిదప. కథయంతయు మేకాంగునదీతీరమున జరిగినట్లు వీరు చెప్పుకొందురు. తమ్మున కగ్రస్థానమిచ్చిన యీ పేరు విన్నచో మన ఊర్మిళ యెంత సంతసించెడిదో కదా!

వేకువనే కాషాయవస్త్రధారులగు భిక్షువులు వీథిలో వరుసగా వచ్చిరి. స్త్రీలు వాకిళ్లయొద్దఁ జాపలు పఱచి, మోకాళ్లపైఁ గూర్చుండి, ఒక్కొక్క పాత్రలోఁ బిడికెఁడన్నము నుంచిరి. ఇది మన యన్నము వంటిది గాదు. జిగటబియ్యమును రాత్రియే నానఁబెట్టి, వెదురుబుట్టలోఁ బోసి, నీళ్లు మరుగు కుండమూఁతిపై నుంచి యావిరితో నుడికింతురు. గంజి వార్చుట లేదు. మూఁతగల చిన్న వెదురుబుట్టలో దాఁచి, ముద్దలుగాఁ దీసి పచ్చడిలో నద్దుకొని తిందురు. కొండ లెక్కువానికి నింతకంటె మంచి యాహారము లేదు.

నా భర్త చైను కడిగి నూనె వేసి, దిగుడుదారులలో నరిగిపోయిన బ్రేకురబ్బర్లు మార్చిరి. పిదప వాట్ సిసకేత్ అను నాలయమునకుఁ బోయితిమి. దీనిని 1818లోఁ జావ్ అనువాంగ్ రాజు కట్టింప నారంభించెను. ఆతఁడు సయాముపైఁ దిరుగఁబడఁగా, 1828లో సయాము సేనలు నగరమును ధ్వంసము చేసెను. ఈ యాలయము మాత్రము మిగిలెను. ప్రాకారపు గూళ్లలో వేలకొలఁది బుద్ధవిగ్రహములు గలవు. ఒకమూలఁ దలలును జేతులును విఱిగిన విగ్రహములు కుప్పగాఁ బడియున్నవి. వానిని బాగుచేయక యట్లే యుంచిరి.

నగరమధ్యమున 1957లో మొదలిడి 1968లో ముగించిన పతుసాయి తోరణము గలదు. విమానములు దిగు బాటకై అమెరికా యిచ్చిన సిమెంటుతో దీనిని గట్టిరఁట. అందుచే ‘నిలువున లేచిన విమానపుబాట’ యని పరిహాసమాడుదురు. కాని విమానములు వేఱుచోట్లనుండి రానే వచ్చినవి. 1964 మొదలు 1973 వఱకు అమెరికా విమానములు ఈ చిన్నదేశముపై నిరువదిలక్షల టన్నులకుఁ బైఁబడిన బాంబులు కురిపించినవి. అందు బంతులంతేసి చిన్న బాంబులు సుమారు 27 కోట్లు. వానిలో దాదాపు మూఁడవవంతు పేలక నేలలో నిలిచిపోయినవి.

మధ్యాహ్నము ‘కోప్’ అను సంస్థవారి ప్రదర్శనశాలఁ జూచితిమి. కాళ్లుచేతులు పోయినవారికిఁ గృత్రిమావయవము లమర్చుటకై 1997లో నీ సంస్థ యేర్పడినది. ఆశాలలో నెన్నియో పాతకాళ్లు వ్రేలాడుచున్నవి. కొయ్యతో, వెదురుతో, చివరకుఁ దమ్ము గాయపఱచిన బాంబుల రేకుతోఁ బల్లెవారు తమకుఁ దామే చేసికొన్నవి! క్రొత్తకాలు దొరకినపిదప వానిని విడిచిపోయిరి. పొలము దున్నువారికిఁ బలుగుదెబ్బ తగిలి, బంతియని చేతఁబట్టిన పిల్లలకుఁ బ్రమాదము కలిగినదని విని యుంటిని. ఆరుబయట నేలపై నిల్లాలు రాఁజేసిన పొయ్యి వేఁడికిఁ గూడ నడుగుననున్న బాంబు పేలునని యచ్చటఁ దెలిసికొంటిని.

ఫోన్సవాను దాఁటిన పిదప నొకచోఁ బొదలమాటునకుఁ బోవఁదలఁచి దారి దిగఁబోయితిని. అన్నము పెట్టిన యిల్లాలు నాచేయి పట్టి వెనుకకు లాగి, ఇంటివెనుకకుఁ దానే తీసికొనిపోయినది. ఒకవైపు తెలుపు, మఱియొకవైపు ఎఱుపు పూసిన చిన్నరాళ్లను నాకుఁ జూపినది. తెల్లనివైపు శోధించిన భూమి, ఎఱ్ఱనివైపు శోధింపనిది. ఆమె యింట మేము వాడిన చెంచాలు మిక్కిలి తేలిక. బాంబులలోహమును గరఁగించి పోసినవఁట. మాటలు తెలియకున్న నామె చేతిపట్టులోని భయమంతయు నాకా శాలలో స్పష్టమైనది.

పట్టుకండువ కొనుటకై మూటఁగట్టిన సొమ్ము నచ్చటి ధర్మపుపెట్టెలో వేసితిని. నా భర్త యేమియు ననలేదు.

సోదరీమణులారా! తెల్లవాఱఁగనే పెరటిలోనికి నడచి, పిల్లలను మట్టిలో నాడుకొనుటకు విడిచి, పొయ్యి రాఁజేసికొందుము. కాలిక్రింది నేలను నమ్మఁగలుగుట యెంత పెద్దభాగ్యమో, అది లేని తల్లులను జూచినఁగాని నాకుఁ దెలియలేదు.