పాతబస్తీలో నాలుగు కాగితాలు

హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలకు మనం చూపించే వరుస ఒకటి ఉన్నది. ముందు చార్మినారు, తరువాత లాడ్ బజారులో గాజులు, ఆపైన సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం, చివరకు బిర్యానీ. ఆ వరుసలో తప్పేమీ లేదు. అయితే అదే బాటను ఇంకొక విధంగా, చౌమహల్లా నుంచి బయలుదేరి మూసీ ఒడ్డు దాకా నడిచి చూడండి. మైలున్నర మించదు. ఒక రాజ్యం పెద్ద కూటమిలో చేరాలా, విడిగా ఉండాలా. చేరిన తరువాత విడిపోవచ్చునా, కూడదా అన్న తగవు ఎంత పాతదో, ఎంత ఇంటింటి తగవో ఆ దారి వెంట తెలుస్తుంది.

మొన్న శీతకాలంలో ఈ నడకకు నాకు ఇద్దరు తోడు దొరికారు. ఒకరు మా బావగారు, గుంటూరు వారు. హైదరాబాదు సచివాలయంలో చాలా కాలం ఉద్యోగం చేసి, 2016లో ఆఫీసుతో పాటు వెలగపూడికి తరలివెళ్ళి, అక్కడే రిటైరయ్యారు. కూతురు మాత్రం ఇక్కడే కాపురముంటున్నది. రెండవవారు లాల్ దర్వాజాలో పుట్టి పెరిగిన మాస్టారు. ఏడు పదులు దాటినా మా ఇద్దరికంటె ముందు నడిచే మనిషి. ఈ ఇద్దరినీ ఒక బాట మీద నడిపించటం సాహసమే గాని, ఇద్దరూ పెద్దమనుషులు. తగవుపడినా టీ ఒక్కచోటే తాగారు.

చౌమహల్లాలో దర్బారు మందిరాన్ని ఖిల్వత్ అంటారు. పందొమ్మిది షాండ్లియర్ల కింద పాలరాతి గద్దె. అసఫ్‌జాహీల పట్టాభిషేకాలూ దర్బారులూ జరిగిన చోటు. చివరి నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను నివాసం కింగ్ కోఠీయే అయినా, ఆ వంశపు రాజ్యమంటే ఏమిటో కంటికి కనబడేది ఇక్కడే. 82 వేల పైచిలుకు చదరపు మైళ్ళు. 1941 లెక్క ప్రకారం కోటి అరవై లక్షలకు మించిన జనం. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ప్రజలు. ఉర్దూలో నడిచే సర్కారు. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైలు, సొంత సుంకం.

అట్టి రాజ్యం 1947 జూన్‌లో, ఇంగ్లీషువాళ్ళు వెళ్ళగానే తాను స్వతంత్రమవుతానని చాటింది. ఆగస్టు 15 వచ్చింది, పోయింది. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో చేరలేదు. చేరాలన్న స్టేటు కాంగ్రెసు నాయకులు స్వామి రామానంద తీర్థ జైలులో ఉన్నారు. చేరకూడదన్న ఇత్తెహాదుల్ ముసల్మీన్ వారి జనం అక్టోబరు 27 తెల్లవారుజామున, ఢిల్లీకి ప్రయాణమవుతున్న నిజాము దూతల ఇళ్ళనే చుట్టుముట్టి ప్రయాణం ఆపించారు. చివరకు నవంబరు 29న ఒక కాగితం మీద సంతకాలు పడ్డాయి. యథాతథ ఒప్పందం: ఒక సంవత్సరం పాటు ఎక్కడివి అక్కడే ఉండాలని. మన నాలుగు కాగితాలలో ఇది మొదటిది.

చౌమహల్లా నుంచి మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు నడిస్తే పాత సామాన్ల అంగళ్ళు వస్తాయి. అక్కడొక పెద్దాయన పరచిన గుడ్డ మీద నాణేలు పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఒకటి తీసి బావగారి అరచేతిలో పెట్టారు. ఒక వైపు చార్మినారు బొమ్మ.

"హాలీ సిక్కా సార్! మా నాయన జీతం దీంట్లనే. ఇసొంటివి ఏడు ఇస్తే మీ కల్దార్ రూపాయలు ఆరొచ్చేటివట."

"మా తాతగారు బెజవాడ దాటి ఇటు వచ్చినప్పుడల్లా మూటలు విప్పించేవారట మీ కరోడ్‌గిరీ వాళ్ళు. కొత్త చీర ఉంటే సుంకం కట్టాలిట," అన్నారు బావగారు.

ఈ రెండు మాటల్లోనే ఆనాటి తగవు సగం ఉన్నది. యూనియన్ అంటే జెండా ఒక్కటే కాదు. ఏ నాణెం చెల్లుతుంది, ఎల్లలో ఎవరు మూట విప్పుతారు అనేవి కూడా. నిజాము ప్రభుత్వం రాజ్యంలో భారత నాణెం చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. బంగారం, వెండి బయటికి పోకుండా అడ్డుకున్నది. పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వజూపింది. ఇది ఒప్పందాన్ని మీరటమే అన్నది ఢిల్లీ. సరకులు రానివ్వక మా గొంతు నులుముతున్నారు, ఒప్పందాన్ని మీరింది మీరే అన్నది హైదరాబాదు. ప్రజల ఓటు తీసుకోవాలన్న ప్రస్తావన సంప్రదింపుల్లో పలుమార్లు వచ్చింది. ఓటు మాత్రం జరగలేదు.

ఇది హిందువులకూ ముస్లిములకూ నడుమ తగవని అనుకునేవారు ఒక పేరు గుర్తుంచుకోవాలి. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకులు షోయబుల్లా ఖాన్ యూనియన్‌లో చేరటమే మేలని రాశారు. 1948 ఆగస్టులో ఆయనను నడివీధిలో చంపారు. సెప్టెంబరు 13న భారత సేనలు వచ్చాయి; 17న నిజాము లొంగిపోయారు. ఆ తరువాతి రోజుల్లో జిల్లాలలో జరిగిన హింస గురించి ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ సంఘం, తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. మాస్టారింట ఇప్పటికీ 'సెప్టెంబరు' అనే మాటకు రెండు అర్థాలున్నాయట: విడుదల అని ఒకటి, పొరుగింటివారి ఏడుపు అని మరొకటి.

చార్మినారు దాటి, గుల్జార్ హౌజ్ పక్కగా, పత్తర్‌గట్టీ రాతి వరండాల వెంట నడిచాము. అత్తరు వాసన, పెళ్ళి బట్టల బేరాలు. మదీనా చౌరస్తా దాటి ఎడమకు తిరిగి నది వెంట పోతే హైకోర్టు, దాని పక్కనే సిటీ కాలేజీ. కాలేజీ ముందు మాస్టారు కాసేపు నిలబడిపోయారు.

1952లో, హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన తొలి ప్రభుత్వం వచ్చిన ఏడాదే, ముల్కీ ఉద్యమం పుట్టింది. స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయన్నది విద్యార్థుల గోడు. సెప్టెంబరు మొదటి వారంలో ఇక్కడ కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు, జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపారు. ఆంధ్రతో ఇంకా కలవనే లేదు. కలిస్తే ఏమవుతుందోనన్న భయం మాత్రం అప్పటికే నెత్తురు చూసింది.

ఆ భయాన్ని ఫజల్ అలీ కమిషను వారు గుర్తించారు. 1955లో ఇచ్చిన నివేదికలో, తెలంగాణను ప్రస్తుతానికి విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో సరేనంటే అప్పుడు కలపండి అన్నారు. అంతవరకూ ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. ఇది రెండవ కాగితం. ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు, ప్రాంతీయ సంఘం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ఉపముఖ్యమంత్రి పదవి ఆరోవేలు వంటిదని తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి తేల్చేశారు. ఆ కుర్చీ ఖాళీగానే ఉన్నది.

"మాట ఇచ్చిన ఏడాదే గట్లయింది. ఇగ మిగులు పైసలంటరా? 1969ల నేను కాలేజిల ఉన్న. చదువు ఒక ఏడాది పోయింది. మా సోపతిగాడు ఒకడు తిరిగి రాలె," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు.

మిగులు నిధులు ఎంత ఖర్చు కాకుండా పోయాయని ఆ ఏడు ఒక సంఘం లెక్క తీస్తే 34 కోట్ల 10 లక్షలని తేలింది. జస్టిస్ భార్గవ సంఘం 28 కోట్ల 34 లక్షలన్నది. ఏ లెక్క సరియైనదన్నది పండితుల మాట. రెండిట్లోనూ అంకె సున్నా కాదన్నదే జనానికి అర్థమైన మాట.

బావగారు అప్పటిదాకా మౌనంగా విన్నారు. "మీ బాధ మాకు తెలియదనుకోకండి మాస్టారూ. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నప్పుడు, సొంత రాజధానిలో మేము పరాయివాళ్ళమా అని మా గుంటూరే మండిపోయింది. జై ఆంధ్ర అని మేమే విడిపోతామన్నాం. రైళ్ళాగిపోయాయి. నేను అప్పుడు పంతులుగారి బెత్తం లేదని సంతోషించే వయసువాణ్ణి."

నడకంతటిలో ఆ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మూడేళ్ళ తేడాతో ఒకే నినాదం రెండు నోళ్ళ నుంచి వచ్చింది. విడిపోతామనేది ఒక ప్రాంతపు స్వభావం కాదు. తనకిచ్చిన మాట తప్పారని ఎవరికి అనిపిస్తే వారి నోట అదే వస్తుంది. 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. మూడవ కాగితం. అదీ అమలు కాలేదన్న ఫిర్యాదు మీదనే 1985లో ప్రభుత్వం 610 నెంబరు జి.ఓ. తీయవలసి వచ్చింది.

నాలుగవ కాగితం మన కళ్ళ ముందే వచ్చింది. 2009 డిసెంబరు ప్రకటన. శ్రీకృష్ణ సంఘం ఆరు మార్గాలు. పాతబస్తీకి ప్రతినిధులైన మజ్లిస్ వారు రాష్ట్రం ఒకటిగా ఉంటేనే మేలనటం. ప్రాణాలు తీసుకున్న యువకులు. అటు సమైక్యం కోసం బళ్ళూ బస్సులూ ఆగిన జిల్లాలు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ వద్దని తిప్పికొట్టిన బిల్లును రాజ్యసభ 2014 ఫిబ్రవరి 20న ఆమోదించింది. పెద్దమనుషుల ఒప్పందం కుదిరిన తేదీ కూడా ఫిబ్రవరి 20యే! జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. పంపకాలకు జనాభాను బట్టి 58.32కు 41.68 పాళ్ళు పెట్టారు. పదేళ్ళు ఉమ్మడి రాజధానిగా ఉన్న హైదరాబాదు 2024 జూన్ 2తో తెలంగాణకే రాజధాని అయింది.

ఆ పంపకం అర్థం కావాలంటే హైకోర్టు గోడ ముందు నిలబడాలి. 1920లో ప్రారంభమైన ఎర్రరాతి కట్టడం. గీసినది విన్సెంట్ ఈష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి. "మా గుంటూరుకు 1954లో హైకోర్టు వచ్చింది, రెండేళ్ళకే ఇక్కడ కలిపేశారు," అన్నారు బావగారు. రాష్ట్రం విడిపోయాక కూడా నాలుగున్నరేళ్ళు రెండు రాష్ట్రాల వ్యాజ్యాలూ ఈ గదులలోనే నడిచాయి. 2019 జనవరి 1న అదీ రెండైంది. ఫైళ్ళ కట్టలతో పాటు గుమాస్తాలు, ప్లీడర్లు, వాళ్ళ పిల్లల బడులు, అద్దె ఇళ్ళు అన్నీ కదిలాయి.

ఇంగ్లండు వారిని చూడండి. 2016 జూన్ 23న ఐరోపా కూటమిలో ఉండటమా, పోవటమా అని జనాన్నే అడిగారు. నూటికి 52 మంది పోదామన్నారు, 48 మంది ఉందామన్నారు. 2020 జనవరి 31న బయటికి వచ్చారు. ఒక్క ప్రశ్న అడిగినంత మాత్రాన ఇళ్ళల్లో వాదం ఆగలేదు. సుంకాల కాగితాలు మళ్ళీ మొదలయ్యాయి. మన దగ్గర అలా ఓటు పెట్టి ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్న వీధిలో జవాబు వెతుక్కున్నది. దాని ఖరీదు ఎక్కువగా చదువుకునే పిల్లలు కట్టారు. అయితే మనకొక ఊరట మిగిలింది. 1947 తగవులో నాణెమూ సుంకమూ కూడా పందెంలో ఉన్నాయి. 2014లో రాష్ట్రం రెండైనా రూపాయి ఒక్కటే, ఎల్లలో మూట విప్పే కరోడ్‌గిరీ లేదు. పెద్ద కప్పు కింద గోడ లేచింది గాని, కప్పు కదలలేదు.

నాలుగు కాగితాలలో ఏదీ చెడ్డ కాగితం కాదు. సంతకాలు పెట్టినవారు తెలివైనవారే. కలపటానికైనా, విడదీయటానికైనా ఒక్క రోజు చాలు. కాగితం మీద రాసిన మాటను పక్క ఏడాది, ఆ పక్క ఏడాది పాటించటమే కష్టం. విడిపోయిన అన్నదమ్ముల మధ్య ఇప్పుడు నీళ్ళ వాటాలున్నాయి, ఆస్తుల లెక్కలున్నాయి. పాత కలయికలకు వర్తించిన సూత్రమే ఈ విడిపోవటానికీ వర్తిస్తుంది.

మీరు ఈ బాట నడవదలిస్తే శుక్రవారం పెట్టుకోకండి. చౌమహల్లాకు ఆనాడు సెలవు. ఉదయం పది గంటలకు మొదలుపెడితే ఎండ ముదిరేలోగా నది ఒడ్డు చేరవచ్చు. పిల్లలను తీసుకువెళ్ళండి, వీలైతే భిన్నాభిప్రాయం గల చుట్టాన్ని కూడా.

నయాపూల్ దగ్గర బావగారు మాస్టారిని సంక్రాంతికి గుంటూరు రమ్మన్నారు.

"వస్త సార్. గని, మా బోనాలకు మీరు మళ్ల రావాలె. మాట ఇస్తరా?"

"ఇచ్చాను," అన్నారు బావగారు. మాస్టారు నా వైపు తిరిగి, "సాక్ష్యం మీరే," అన్నారు.