బాపు కుర్చీ, 71 హెర్ట్జ్

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నాతో పాటు రెండు సబ్ ఊఫర్లు కూడా బస్సెక్కాయి. జేబీఎస్‌లో కండక్టర్ "ఏమున్నయన్నా గీ డబ్బలల్ల?" అనడిగితే "స్పీకర్లు" అన్నాను. "డీజే పెడ్తున్నవా ఊర్ల?" అన్నాడు. లగేజీ టికెట్ కొట్టాడు. న్యాయమే.

హైదరాబాద్‌లో నేనుండేది అద్దె ఫ్లాట్. కింది ఫ్లాట్ ఆంటీ మూడోసారి తలుపు కొట్టాక అర్థమైంది, నా పాటలకి, ఆవిడ మధ్యాహ్నం నిద్రకి ఒకే బిల్డింగ్‌లో చోటు లేదని. ధర్మపురిలో మా ఇల్లు పాతది. రెండడుగుల మందం మట్టిగోడలు, దూలాలు, ముందర ఒక పెద్ద అర్ర. అక్కడ ఎంత మోగించినా పక్కింటికి వెళ్ళేది తక్కువ. అదీ ప్లాన్.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. ధర్మపురిలో ముప్పయ్యేళ్ళు మైక్ సెట్ నడిపాడు. అహుజా ఆంప్లిఫైయర్లు, వెదురు గడలకు కట్టే హారన్లు, పెట్రోమాక్స్ లైట్లు కూడా మొదట్లో ఉండేవట. పెళ్ళిళ్ళు, ఒగ్గు కథలు, ఎలక్షన్ జీపులు, ఫాల్గుణంలో నరసింహస్వామి జాతర. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడు పన్నెండు రోజులూ సరిగ్గా ఇంటికి వచ్చింది లేదు. తర్వాత డీజే బండ్లు వచ్చాయి, మైక్ సెట్ అడిగేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు సామానంతా అటక మీద ఉంది. అమ్ముదామంటే ఒప్పుకోడు.

సరే, అసలు విషయానికొస్తే. రూమ్ కరెక్షన్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో.. మీరు లక్ష రూపాయల స్పీకర్ కొన్నా, బేస్ విషయంలో మీరు వినేది సగం స్పీకర్‌ని, సగం గదిని. గది ఒక లెగసీ సిస్టమ్ లాంటిది, ఎవరూ డాక్యుమెంట్ చెయ్యలేదు, తీసి పారెయ్యలేం, దాని చుట్టూ రాసుకోవాల్సిందే. మైకుతో కొలిచి, గది ఎక్కడ ఎక్కువ చేస్తుందో అక్కడ తగ్గించడం అన్నమాట. ఏవీ రిసీవర్లలో ఆడిసీ, డిరాక్ లాంటివి ఈ పని ఆటోమేటిక్‌గా చేస్తాయి. నాకు ఆటోమేటిక్ అంటే పడదు కాబట్టి (డబ్బుల్లేవు అని చదువుకోగలరు :-)) రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూమిక్ కొలత మైకు, నాలుగు అవుట్‌పుట్లున్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, లినక్స్ వేసిన పాత ల్యాప్‌టాప్, దాంట్లో క్యామిల్లా డీఎస్పీ. ఇదీ సెటప్. నాచుపల్లిలో ఈసీఈ చదివేటప్పుడు డీఎస్పీ పేపర్ ఎలా గట్టెక్కానో నాకే తెలుసు. ఇన్నాళ్ళకి ఆ ఫిల్టర్లు ఇలా పనికొస్తాయనుకోలేదు.

అర్ర పదిహేను అడుగుల పొడవు, పదకొండు వెడల్పు. లెక్క సులభం. ధ్వని వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే మొదటి మోడ్ వస్తుంది. సెకనుకి దాదాపు 348 మీటర్లు వేసుకుంటే పొడవుకి 38 హెర్ట్జ్, వెడల్పుకి 52. మైకు బాపు పడక కుర్చీలో తల ఉండే ఎత్తులో కట్టి మొదటి స్వీప్ వేస్తే గ్రాఫ్‌లో 38 దగ్గర గుట్ట లేచింది, 13 డీబీ. థియరీ ఇంత చక్కగా కళ్ళ ముందు కనపడితే భలే సంబరంగా ఉంటుంది. ఆ సంబరం 71 దగ్గరికి వచ్చేసరికి పోయింది. అక్కడ గుట్ట కాదు, బావి. 18 డీబీ లోతు.

అందరూ చేసే తప్పే నేనూ చేశాను. గొయ్యి ఉంటే పూడ్చాలి కదా అని ఈక్వలైజర్‌లో 71 దగ్గర 9 డీబీ పెంచాను. ఊఫర్ కోన్ ఊగిపోయింది, గ్రాఫ్‌లో బావి మాత్రం అలాగే ఉంది. ఎందుకంటే కుర్చీ వెనక గోడకి నాలుగడుగుల దూరంలో ఉంది. 71 హెర్ట్జ్ అల పొడవు పదహారు అడుగులు. కుర్చీ దాటి గోడకి తగిలి తిరిగి కుర్చీ దగ్గరికి రావడానికి ఎనిమిది అడుగులు, అంటే సరిగ్గా సగం అల. వెళ్ళేది, వచ్చేది ఒకదాన్నొకటి తినేస్తాయి. మీరు ఎంత పెంచితే తిరిగొచ్చేది కూడా అంతే పెరుగుతుంది. గుట్టని చెక్కగలం, బావిని మాత్రం ఈక్వలైజర్‌తో పూడ్చలేం.

కుర్చీ జరిపితే సరిపోతుంది. "బాపూ, కుర్చీ రెండు ఫీట్లు ఎన్కకు జరుపుదామా" అన్నాను.

"కుర్చీ జరగది."

ఆ కిటికీ లోంచి వీధి కనబడుతుంది. ఎవరు పోతున్నారు, ఎవరు వస్తున్నారు, అదంతా ఆయన డ్యూటీ. నేను గోడకి పరుపు కడితే ఎలా ఉంటుంది, దూది ప్యానెళ్ళు ఎన్ని అంగుళాల మందం కావాలి అని లెక్కలేస్తూ కూర్చున్నాను (ఈ ఫ్రీక్వెన్సీకి అడుగుల మందం కావాలి, పెళ్ళి పరుపులు కూడా చాలవు). ఆయన కాసేపు చూసి, రెండో సబ్ ఊఫర్‌ని కాలితో చూపించి అన్నాడు:

"రెండోది నా ఎన్కకు పెట్టు. ఫంక్షన్ హాల్ల ముందర రెండు బాక్సులు పెడ్తే నడుమ ఎక్కడ్నో ఒక్కకాడ బేస్ సచ్చిపోతది. ఒకటి తీసి ఎన్కకు పెట్టేటోన్ని."

పెట్టాను. బావి మాయమైంది. వెనక గోడ దగ్గర్నించి బయల్దేరే అలకి ఆ నాలుగడుగుల సమస్య లేదు. బోనస్ ఏంటంటే 38 గుట్ట కూడా చాలావరకు దిగిపోయింది. మొదటి మోడ్‌లో గదికి ఆ చివర పీడనం పెరిగితే ఈ చివర తగ్గుతుంది కాబట్టి, రెండు చివర్లా ఒకేలా తోస్తే అది లేవలేదు. హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002లో ఎన్ని సబ్ ఊఫర్లు కావాలి, ఎక్కడ పెట్టాలి అని ఇదే విషయం మీద పేపర్ రాశాడు. నేను ఆ పేపర్ చదివిన వాణ్ణే, అయినా రెండూ స్టీరియో లాగా ముందరే పెట్టాను. అందంగా ఉంటుందని.

ఇక్కడ ఇంకో తెలివి ప్రదర్శించాను. వెనకది కుర్చీకి దగ్గర, ముందరిది దూరం, కాబట్టి వెనకదానికి దూరం లెక్కన ఆరు మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి కదా! ఇచ్చాను. 38 గుట్ట మళ్ళీ లేచి కూర్చుంది. రెండూ ఒకేసారి తోస్తేనే ఆ మోడ్ చచ్చేది, ఒకదాన్ని ఆలస్యం చేస్తే ఆ పొందిక పోయినట్టే. సబ్ ఊఫర్లు రెండిటినీ ఒకే యంత్రం అనుకుని, ఆ జంటకి, పెద్ద స్పీకర్లకి మధ్య టైమింగ్ చూసుకోవాలి. మీరెవరైనా ఇది చేస్తుంటే ఈ ఒక్క పేరా గుర్తుంచుకోండి, నాకు ఒక సాయంత్రం మిగిలేది.

క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను, లింక్విట్జ్ రైలీ, ఆక్టేవ్‌కి 24 డీబీ. 1976లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లు ఇద్దరు తీసుకొచ్చిన పద్ధతి. హద్దు దగ్గర రెండు వైపులా 6 డీబీ చొప్పున తగ్గి, రెండూ కలిస్తే సమానం అవుతుంది. ల్యాప్‌టాప్ మీద చూపిస్తే బాపు "ఇదేంది, కండెన్సరా?" అన్నాడు. ఆయన క్రాస్ఓవర్ అంటే ట్వీటర్‌కి వరసలో ఒక 4.7 మైక్రోఫారడ్ కండెన్సర్. లెక్క వేస్తే ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్‌కి అది 4200 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. ఆయనకి ఈ అంకె తెలీదు. "చిన్నది పెడ్తే సన్నగ అంటది, పెద్దది పెడ్తే కాలిపోతది" అని మాత్రం తెలుసు. కరెక్టే కదా.

తర్వాత అర రోజు ఎలా పోయిందో చెప్తే నవ్వుతారు. 80 దగ్గర ఎంత డిలే మార్చినా స్పీకర్లు, సబ్ ఊఫర్లు కలిసే చోట గొయ్యి. సబ్ ఊఫర్ వెనకున్న క్రాస్ఓవర్ నాబ్ చూశాను, అది పూర్తిగా పైకి తిప్పే ఉంది (లేకపోతే సాఫ్ట్‌వేర్ ఫిల్టర్ మీద ఇంకో ఫిల్టర్ పడుతుంది, అదీ చూసుకోండి). వైర్లు చూశాను. చివరికి యామల్ ఫైల్లో మిక్సర్ దగ్గర వెనక సబ్ ఊఫర్‌కి ఇన్వర్టెడ్ ట్రూ అని ఉంది. ముందురోజు ప్రయోగానికి నేనే పెట్టి మర్చిపోయా. ఆఫీసులో జూనియర్లకి కోడ్ రివ్యూలో క్లాసులు పీకేది నేనే. హ్హ హ్హ.

మిగిలిన పని తేలిక. 52 దగ్గర 7 డీబీ కోత, ఇంకో రెండు చిన్న కోతలు, 300 పైన ఏమీ ముట్టుకోలేదు. ఆ పైన మైకుని జానెడు జరిపితే గ్రాఫ్ ఆకారమే మారిపోతుంది, అక్కడ దిద్దడమంటే తలకాయ ఒక్కచోట మేకు కొట్టి కూర్చున్నవాడికే దిద్దడం.

ఆఖరి కొలతకి పొడుగు స్వీప్ పెట్టాను. 20 హెర్ట్జ్ నుంచి 20 వేల దాకా, దాదాపు ఇరవై రెండు సెకన్లు. బాపుని అర్రలో ఉండొద్దన్నాను గానీ ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కింది నుంచి మొదలై, దూలాలు వణికి, ఈలలా పైకి పోతూ ఉంది. ఆయన లోపలికి వచ్చి "అయిపాయె గదా, పాట వెయ్యి" అన్నాడు.

అయిపోలేదు. ఈల ఇంకా మోగుతూనే ఉంది, చెవిలో గుచ్చుకునేంత. నేను "ఉష్" అంటూ చెయ్యి ఎత్తాను. ఆయన నన్నూ ల్యాప్‌టాప్‌నీ మార్చి మార్చి చూశాడు. నాలుగు సెకన్లు. ఈ స్వీప్ ఒక్కో ఆక్టేవ్‌కి రెండు సెకన్ల చిల్లర తీసుకుంటుంది. నాలుగు సెకన్ల ముందు ఆగిందంటే ఆయనకి అది ఆరు వేల లోపే ఆగిపోయినట్టు.

మైకు పక్కన మాట పడింది కాబట్టి ఆ కొలత పనికిరాదు. మళ్ళీ వెయ్యాలి. వెయ్యలేదు.

ఇంకేదో టెస్ట్ చేస్తున్నట్టు టోన్ జనరేటర్ తీశాను. వెయ్యి.. "ఆఁ, కూ అంటుంది". రెండు వేలు, సరే. మూడు వేలకి తల కొంచెం వంచాడు. నాలుగు వేలకి ఊరుకున్నాడు. ఎనిమిది వేలకీ ఊరుకున్నాడు. "పనిచేస్తలేదా?" అన్నాడు.

"లేదు బాపూ, హ్యాంగ్ అయింది" అన్నాను.

పెద్ద శబ్దాల్లో ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళకి ముందు పోయేది నాలుగు వేల దగ్గరే. మన చెవి గొట్టం మూడు వేల చుట్టుపక్కల శబ్దాన్ని తనంతట తనే పెంచుతుంది, దెబ్బ దానికి కాస్త పైన పడుతుంది. తెలుగులో స, శ, చ లాంటివాటి పదునంతా ఆ పైనే ఉంటుంది. ఫోన్‌లో నేను "శనివారం వస్తా" అంటే "ఎప్పుడు?" అని మూడుసార్లు అడిగితే విసుక్కున్నది గుర్తొచ్చింది. పరధ్యానం అనుకునేవాణ్ణి. ఆ హారన్ల డబ్బుతోనే నా ఫీజులు కట్టాడు. ఎన్ని డీబీల కింద ఎన్ని గంటలు నిలబడ్డాడో ఇప్పుడు లెక్క వెయ్యాలనిపించలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనే ఎత్తాడు. "అది హ్యాంగ్ కాలే గదరా."

నేను పప్పు కలుపుకుంటున్నాను.

"నాకెర్కే. కోయిల కూత ఇనవడ్తది, పిచ్చుక ఇనవడది. సప్పుడు తక్కువుంటే ఇనరాదు, ఎక్కువ చేస్తే నొస్తది. మీ అమ్మ టీవీకాడ రోజు కొట్లాడ్తది."

నాకు వెంటనే తట్టిన ఐడియా సిగ్గు లేకుండా చెప్తున్నా. ఇంకో కాన్ఫిగ్ రాసి మూడు వేల పైన పెంచేస్తే? బాపు ప్రొఫైల్ అని పేరు పెట్టి? ఆయన చెప్పిన రెండో వాక్యమే దానికి సమాధానం. వినబడే హద్దు పైకి లేచింది గానీ నొప్పి హద్దు అక్కడే ఉంది. రెండిటి మధ్య సందు ఇరుకైపోయింది. ఊరికే పెంచితే ఆ బావి కథే, ఊఫర్ బదులు మనిషి ఊగుతాడు.

కరీంనగర్‌లో చెవి డాక్టర్‌కి చూపించాం. ఆడియోగ్రామ్ చేతికిస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. వారం రోజులుగా నేను చూస్తున్న గ్రాఫే, కాకపోతే తలకిందులు. నాలుగు వేల దగ్గర బావి, ఎడమ చెవి ఇంకా అధ్వాన్నం. మెషీన్లు రాశారు. రెండు చెవులకీ కలిపి నా మొత్తం సెటప్ కంటే ఎక్కువ అయింది. బాపు బేరం ఆడబోతే అమ్మ ఆపింది.

మెషీన్ అమర్చే అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి వైరంత సన్నటి గొట్టం ఒకటి ఆయన చెవిలో పెట్టింది, దాని చివర మైకు. శబ్దం వేసి, చెవి లోపల ఎంత వస్తుందో కొలిచి, తెర మీద గీతని లక్ష్యం గీతకి దగ్గరగా లాగుతోంది. నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. శబ్దాన్ని బ్యాండ్లుగా కోసి, ఒక్కో బ్యాండ్‌లో చిన్నదాన్ని ఎక్కువ పెంచి, పెద్దదాన్ని తక్కువ పెంచి, ఆ ఇరుకు సందులో పట్టించడం. "క్రాస్ఓవర్లు ఎన్ని బ్యాండ్లండీ?" అని అడిగాను. ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. బాపు "మావోనికి గదే పని" అన్నాడు.

ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చున్నాడు. నేను పాట వెయ్యబోతే వద్దన్నాడు. పైకి చూశాడు.

"ఈ ఫ్యాన్ ఎప్పటిసంది గిట్ల కీసుమంటుందిరా?"

నాకు తెలిసి ఆరేడేళ్ళుగా అంటోంది. అటక మీది నుంచి నిచ్చెన దించమన్నాడు, నూనె డబ్బా తెమ్మన్నాడు.