ముఖం నాది, ఫ్లెక్సీ వాళ్లది

బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు, గుంటూరు నుంచి మా ఊరెళ్లే దారిలో ఫ్లైఓవర్ దిగగానే నా బొమ్మ ఉండేది. ఇరవై అడుగుల ఫ్లెక్సీ. గాల్లోకి ఎగిరి వాలీబాల్‌ని స్మాష్ కొడుతున్న నేను, పక్కన చేతులు జోడించి నవ్వుతున్న మా కాలేజీ ఛైర్మన్ గారు, కింద ఎర్ర అక్షరాలతో 'అడ్మిషన్లు జరుగుచున్నవి'.

నన్నెవరూ అడగలేదు. అడగాలని నాకూ తట్టలేదు. బస్సులో ఎవరైనా "ఆ అమ్మాయివి నువ్వేనా?" అంటే చాలు, గాల్లో తేలిపోయేదాన్ని. ఆ ఫొటోలో నా కుడికాలి షూ సోల్ ఊడిపోతే ఫెవిక్విక్ పెట్టి అతికించానన్న సంగతి ఫ్లెక్సీలో కనపడదు కదా!

ఆ డిసెంబర్‌లోనే, ఇంటర్ కాలేజియేట్ సెమీస్‌లో బ్లాక్‌కి ఎగిరి దిగుతుంటే మోకాలు మెలితిరిగింది. లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కి లక్షా అరవై వేలైంది. కాలేజీ నుంచి ఒక పూల బొకే వచ్చింది. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి నాన్న డబ్బు కట్టాడు. కారు వెనక సీట్లో కాలు చాపుకొని ఇంటికెళ్తుంటే, ఫ్లైఓవర్ దిగగానే మళ్లీ నేనే. కట్టు కట్టిన కాలితో నేను కింద, ఎగురుతూ నేను పైన.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాన్నకీ నాకూ మూడేళ్లుగా వాట్సాప్‌లో ఒక గొడవ నడుస్తోంది. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. గొడవ మా ఆస్తుల గురించి కాదు, నా పెళ్లి గురించి కూడా కాదు. అమెరికాలో కాలేజీ పిల్లలు ఆటలాడుతూ యాడ్స్ చేసి డబ్బు సంపాదించుకోవచ్చా, కూడదా అని!

నేను ఎంఎస్‌కి 2022 ఆగస్టులో ఇక్కడికొచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ. ముప్ఫై అయిదు లక్షల లోన్. ఎఫ్-1 వీసా కాబట్టి సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పనిచేయాలి. బయట అనుమతి లేకుండా ఒక్క గంట పనిచేసినా వీసాకే ఎసరు. అలా నాకు డైనింగ్ హాల్లో శాండ్‌విచ్ కౌంటర్ దొరికింది.

రాత్రి మూసే టైమ్‌కి వాలీబాల్ టీమ్ వచ్చేది. అందులో ఒక బ్రెజిల్ అమ్మాయి, జెర్సీ నంబర్ 12. పేరు రాయను, 12 అనే అంటాను. నేనూ స్పైకర్‌నేనని చెప్పిన రోజు నా మోకాలి కుట్లు చూపించమంది. చూసి, తన భుజం మీదవి చూపించింది. అంతే, ఫ్రెండ్స్ అయిపోయాం.

అప్పుడు తెలిసింది నాకు ఈ కథంతా. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంటే మన ఐపీఎల్ లెక్క. లక్ష మంది పట్టే స్టేడియాలున్న యూనివర్సిటీలున్నాయి. టీవీ హక్కులు, టికెట్లు, టీషర్టులు, కోచ్‌లకు ఏటా మిలియన్లలో జీతాలు. ఆడేవాళ్లకి మాత్రం ఫీజు, హాస్టల్, తిండి. యాడ్ చేస్తే ఇక ఆడనిచ్చేవాళ్లు కాదు. ఎన్‌సీఏఏ అనే సంస్థ రూల్ అది. 2014లో కనెక్టికట్ టీమ్‌ని ఛాంపియన్‌గా గెలిపించిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటున్నానని మీడియా ముందు చెప్పాడు. దేశమంతా గోల అయ్యాక, అదే నెలలో అథ్లెట్లకి భోజనం మీద పరిమితి ఎత్తేశారు.

వీళ్లని 'స్టూడెంట్ అథ్లెట్' అంటారు. వినడానికి ఎంత బాగుంటుందో! ఈ మాట ప్రచారంలోకి వచ్చిన కాలం చూస్తే కడుపులో తిప్పుతుంది. 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం ఇవ్వమని ఆయన భార్య కోర్టుకెళ్లింది. అతను కాలేజీకి ఉద్యోగి కాడని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇలాంటి కేసుల్లో 'వీళ్లు ఉద్యోగులు కాదు, విద్యార్థులు' అని చెప్పుకోవడానికి ఈ పేరు బాగా పనికొచ్చింది. ఇది చదివినప్పుడు నాకు పూల బొకే గుర్తొచ్చింది.

తర్వాత ఎడ్ ఒబానన్ వచ్చాడు. 1995లో యూసీఎల్ఏని గెలిపించినవాడు. ఏళ్ల తర్వాత ఒక ఫ్రెండ్ ఇంట్లో వీడియో గేమ్ చూస్తే అందులో తనే ఆడుతున్నాడు. అదే గుండు, అదే ఎడమచేతి వాటం, అదే నంబర్ 31. పేరు మాత్రం లేదు, పైసా రాలేదు. 2009లో కేసు వేశాడు. 2014లో జడ్జి అతని వైపే తీర్పిచ్చారు. 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 2021 జూన్‌లో అల్‌స్టన్ అనే మరో కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో ఎన్‌సీఏఏని ఓడించింది. పదిరోజులకే, జులై 1న గేటు తెరిచారు. పేరు, బొమ్మ, పోలిక. ఈ మూడూ ఇక ఆటగాడివే. ఇక్కడ ఎన్ఐఎల్ అంటారు.

వెంటనే ఎన్ని సరదాలో! డికోల్డెస్ట్ క్రాఫర్డ్ అని నెబ్రాస్కాలో ఒక ఫుట్‌బాల్ కుర్రాడు. పేరు పలికితే 'ద కోల్డెస్ట్' అని వినిపిస్తుంది. 2022లో అక్కడి ఏసీ కంపెనీ ఒకటి పరిగెత్తుకెళ్లి అతనితో యాడ్ చేయించుకుంది. ఆ వీడియో గేమ్ కథ కూడా ఒక చుట్టు తిరిగొచ్చింది. 2024లో కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ మళ్లీ వచ్చినప్పుడు, అందులో తన బొమ్మ వాడుకోనిచ్చిన ఒక్కో ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. పెద్ద మొత్తమేం కాదు. కానీ అడిగి వాడుకున్నారు.

ఇదంతా ఫోన్‌లో చెబితే నాన్నకి నచ్చలేదు.

"ఫీజు కడుతున్నారు, తిండి పెడుతున్నారు. ఇంకేం కావాలమ్మా? నీకు ముప్ఫై అయిదు లక్షల అప్పుంది. ఆ పిల్లకి రూపాయి అప్పు లేదు."

నిజమే. 12ని చూసి నాకు కుళ్లు పుట్టిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు? కానీ మా ల్యాబ్‌లో ఫుల్ స్కాలర్‌షిప్ మీద చదివే అమెరికన్ కుర్రాడు యాప్ చేసి అమ్ముకున్నాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు కేక్ కట్ చేయించారు. స్కాలర్‌షిప్ మీద సంగీతం చదివే అమ్మాయి పెళ్లిళ్లలో వయొలిన్ వాయించి సంపాదించుకుంటోంది. వాళ్లని ఎవరూ 'చదువు పాడవుతుంది' అనలేదు. ఒక్క ఆటల వాళ్లకే ఎందుకు ఈ నీతి?

నాన్న రెండో అస్త్రం తీశాడు. "మన గోపీచంద్ ఏం చేశాడు? ఆల్ ఇంగ్లండ్ గెలిచొచ్చాక కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు యాడ్ ఇస్తామంటే వద్దన్నాడు. ఆరోగ్యానికి మంచిది కాదని. అదీ ఆటగాడంటే."

నాకూ గోపీచంద్ అంటే దేవుడే. కానీ ఆ రాత్రి కౌంటర్ తుడుస్తుంటే ఒకటి తట్టింది, వెంటనే ఫోన్ చేశాను.

"నాన్నా, గోపీచంద్ వద్దన్నాడంటే ముందు ఎవరో ఆయన్ని అడిగారు. ఆయన బొమ్మ ఆయనదే కాబట్టి వద్దనగలిగాడు. వీళ్లకి వద్దనే హక్కు కూడా లేదు. వీళ్ల బొమ్మ అమ్ముకునేది వేరేవాళ్లు. నా ఫ్లెక్సీ లాగే."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. "నువ్వు నిద్రపో, పొద్దుపోయింది" అని పెట్టేశాడు.

అలాగని నాన్న భయాలన్నీ ఉత్తవి కావు. డబ్బంతా ఎక్కువగా ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్ వైపే పోతోంది. ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి ఏడాదికో కాలేజీ మారేవాళ్లు పెరిగారు. డబ్బున్న అభిమానులు గుంపుగా చేరి, యాడ్ అని పేరు పెట్టి ఆటగాళ్లని కొనుక్కున్న కథలూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల పిల్లాడికి ఏజెంటు, కాంట్రాక్టు, ట్యాక్సు ఒకేసారి మీదపడతాయి. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే నేరుగా ఇవ్వడం మొదలైంది. ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. పాతవాళ్లకి బకాయిగా సుమారు 280 కోట్ల డాలర్లు. ఇంత డబ్బు పారే చోట బురద ఉండదని నేననను.

కానీ ఆ బురద డబ్బు వల్లే వచ్చిందంటే, అది ముందునుంచీ ఉంది నాన్నా! కోచ్ తీసుకుంటే జీతం, ఛానెల్ తీసుకుంటే వ్యాపారం, ఆడేవాడు తీసుకుంటేనే పాపమా?

ఇక 12 సంగతి. క్యాంపస్ పక్కన బరీటో షాపు ఆయన వాలీబాల్ అభిమాని. టీమ్‌లో ఇద్దరితో రీల్ చేయాలనుకున్నాడు. సెట్టర్ అమెరికన్ అమ్మాయి, అటాకర్ మా 12. ఒక్కొక్కరికి 300 డాలర్లు, సెమిస్టరంతా వారానికో బరీటో ఫ్రీ. సెట్టర్ సంతకం పెట్టేసింది. 12 యూనివర్సిటీ ఆఫీసులో అడిగితే వద్దన్నారు. ఎఫ్-1 వీసా. యాడ్ చేసి డబ్బు తీసుకుంటే అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కేయొచ్చు, రిస్క్ చేయొద్దని. ఎన్‌సీఏఏ తలుపు తీసింది గానీ, వీసా తలుపు తీయలేదు.

ఇది తనొక్కదాని కథ కాదు. పర్డ్యూలో ఆడిన ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ వరసగా రెండేళ్లు, 2023లో, 2024లో, దేశంలోనే ఉత్తమ కాలేజీ ఆటగాడు. కెనడా కుర్రాడు. తోటి అమెరికన్ స్టార్లలా యాడ్స్ చేసుకోలేకపోయాడు. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే అయితే, 2022లో కెంటకీ టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అమెరికా గడ్డ దాటాక అక్కడ యాడ్ పనులు చేసుకున్నాడు. ప్రాక్టీసు, మ్యాచ్, మధ్యలో షూటింగు!

బరీటో రీల్ తీసిన రోజు నేనక్కడే ఉన్నాను. సెట్టర్ నవ్వుతూ బరీటో కొరుకుతోంది. ఫోన్ పట్టుకుని తీసింది ఎవరనుకున్నారు? మా 12. ఫ్రేమ్‌లో ఉండకూడదు కదా మరి.

బయటికొచ్చాక మేమిద్దరం స్టేడియం ముందు నుంచి నడిచాం. గోడ మీద మూడంతస్తుల బ్యానర్. అందులో ఎగిరి స్మాష్ కొడుతున్నది 12. కింద సీజన్ టికెట్ల కోసం ఫోన్ నంబర్.

"అది పని కాదట. బరీటో తింటే పని అట" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

కాబట్టి నా సమాధానం ఇది. సంపాదించుకోనివ్వాలి. వాళ్లు గొప్పవాళ్లని కాదు, పేదవాళ్లని కూడా కాదు. ముఖం వాళ్లది కాబట్టి. ఆడే వయసు పదేళ్లు కూడా ఉండదు, ఒక్క మోకాలు మెలిపడితే రేపే ఆఖరు కావచ్చు. వీసా మీద ఆడేవాళ్లని బయట నిలబెట్టి 'అందరికీ న్యాయం చేశాం' అంటే మాత్రం నేనొప్పుకోను.

మీరూ ఒకసారి చుట్టూ చూడండి. మన హైవేల మీద ర్యాంకర్ల ఫొటోలు, మెడలో పతకాలేసుకున్న పిల్లల ఫొటోలు ఎన్ని హోర్డింగులున్నాయో! ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా? అడిగినా, కాదనే ధైర్యం వాళ్లకుంటుందా?

మొన్న నవంబర్‌లో 12కి సీనియర్ నైట్ జరిగింది, అంటే సొంత కోర్టులో ఆఖరి మ్యాచ్. ఇప్పుడు నేను పక్క ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాను, రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. బ్యానర్ ఫొటో తీసి నాన్నకి పంపాను. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"నీ ఫ్లెక్సీ గుర్తుందామ్మా?"

"ఎందుకు గుర్తుండదు?"

"కొత్త బ్యాచ్ ది వేసేటప్పుడు నీది దించేశారు. ఫ్లెక్సీ కుర్రాడు వరిగడ్డి వామి మీద కప్పుకోడానికి ఎవరికో ఇచ్చేస్తున్నాడు. నేను రెండొందలిచ్చి తెచ్చా. బీరువా మీద ఉంది, మీ అమ్మకి కూడా చెప్పలా."

ఆరేళ్లయింది. నాకిప్పటిదాకా తెలీదు.

"నా కూతురి బొమ్మకి నేనే డబ్బులిచ్చి కొనుక్కున్నా. ఆ రోజు అనిపించలేదు, నిన్న నువ్వు పంపిన ఫొటో చూశాక అనిపించింది" అన్నాడు. కాసేపాగి, "ఆ పిల్లది కూడా రేపో మాపో దించేస్తారుగా. అడిగి తెచ్చుకోమను. ఊరికే ఇస్తారేమో."