సున్న చుట్టిన యేడు

మా తండ్రిగారు పల్లెలలో సువార్త చెప్పిన చిన్న బోధకులు. ఏటేట పైవారికి పంపవలసిన నివేదికలో ‘ఈ యేడు బాప్తిస్మము పొందినవారు’ అను గడి యొకటి యుండెడిది. ఆ గడియొద్ద ఆయన కలము చాలసేపు నిలుచుట నేను బాల్యమున చూచితిని. ఒక యేట సున్న చుట్టిరి. పొరుగు బోధకుని గడిలో నలువది యుండెనట! (వారిలో నెందరు మరుసటి యేటికి నిలిచిరో వ్రాయుటకు ఆ కాగితమున గడి లేదు.) మా తండ్రిని చేతకానివారనియే నేనును తలచితిని. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది.

పిదప ఒంగోలు మిషను చరిత్ర చదివితిని. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరన్న సంగతి మన సభలలో వినని వారరుదు. దానికి ముందటి పదునైదు నెలల మాట యెత్తువారు మాత్రము మఱింత అరుదు. అవి 1876-78 నాటి కరవు దినములు. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని వేలమందికి కూలి చూపెను. ఆ జనులే మమ్ము చేర్చుకొమ్మని గుంపులుగా వచ్చిరి. గంజికొఱకు వచ్చినవాడెవడో, దేవునికొఱకు వచ్చినవాడెవడో తెలియనిచో చేర్చుకొనుట తగదని యెంచి, ఆయన బాప్తిస్మములనే నిలిపివేసెను. ఆ నెలలలో ఆయన గడియందును సున్నయే గదా! అంతకు ముందు, 1854 నూతన సంవత్సర దినమున, ఒంగోలు కొండపై తెల్లవారకముందే ప్రార్థింప నెక్కినవారు జూయెట్ దంపతులతో గూడ అయిదుగురు మాత్రమే. ఫలము చాలదని నెల్లూరు మిషనును మూసివేయు విషయమై అమెరికాలో చర్చ జరిగినది దానికి ముందటి యేడే.

ఇది చదివిన వేసవిలో ఇంటికి బోయి, ఆ సున్న యేమని మా తండ్రిగారి నడిగితిని. ఆయన కండ్లజోడు తుడుచుకొనుచు చెప్పిరి: “ఆ యేడు ఇరువది యిండ్లవారు వచ్చి, చెఱువుక్రింద భూమి ఇప్పించినచో చేరెదమనిరి, నాయనా. నాచేత భూమి లేదంటిని. వెడలిపోయిరి.”

“అందఱునా?”

“ఒక ముసలామె మాత్రము వాకిటనే కూర్చుండి, భూమి సంగతి యటుండనిండు, మీరు చెప్పునట్టి కథ సగములో నాపితిరి, తక్కినది చెప్పుడనెను. చెప్పితిని. ఆమె బాప్తిస్మము మాత్రము పొందలేదు.”