పాత డబ్బాకు ఏ పని చెప్పాలి?

గూడూరు రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోని ఒక రిపేరు షాపులో నేను చూసిన పెంటియం 4 కంప్యూటర్ పాత ఇనుముకు పోవడానికి సిద్ధంగా ఉంది. మెకానిక్ మూత విప్పి దుమ్ము ఊది, మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమోనని వేలితో తడిమాడు. ఉబ్బలేదు. 1 జీబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్ నిక్షేపంలా ఉన్నాయి. చచ్చిందల్లా రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ. అది పోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవంటూ బ్రౌజర్ మొరాయిస్తుంది. మనం కంప్యూటరే పోయిందనుకుంటాం. బ్యాటరీ మారిస్తే తీరే జబ్బు అది. దాని నత్తనడక మాత్రం ఏటికేడు బరువెక్కిన సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టింది. అందుకే పాత కంప్యూటర్‌ను ఉంచాలో తీసేయాలో తేల్చాల్సింది దానికి చెప్పబోయే పనిని బట్టేనంటాను. వయసు లెక్కలోకి రాదు.

ఆ షాపులో దానిమీద వేసింది యాంటీఎక్స్. డెబియన్ మీద కట్టిన ఈ లినక్స్ 512 ఎంబీ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, 32 బిట్ ప్రాసెసర్లలోనూ నడుస్తుంది. ఉబుంటు వాటిని ఎప్పుడో వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లోనూ వాటికి ఇన్‌స్టాలర్ లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కానని బోర్డు మొండికేస్తే డీవీడీ రాయాల్సి వచ్చింది. యాంటీఎక్స్ డెస్క్‌టాప్ అయిన ఐస్‌డబ్ల్యూఎం తెర వచ్చేసరికి ర్యామ్‌లో నాలుగో వంతు కూడా నిండలేదు. గెలిచినట్టే అనిపించింది. కానీ ఫైర్‌ఫాక్స్‌లో ఒక వార్తల సైటు తెరవగానే ర్యామ్ నిండి, స్వాప్ మొదలై, హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ కూర్చుంది. ఆ పేజీలు మోసుకొచ్చే స్క్రిప్టుల బరువును ఏ లినక్సూ తగ్గించలేదు. పైగా 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ 2016లోనే సెలవు చెప్పింది, ఫైర్‌ఫాక్స్ 144వ వెర్షన్‌తో ఆ దారే పట్టింది. లినక్స్ వేస్తే పాతది కొత్తదవుతుందనే మాట అందుకే నమ్మను.

లినక్స్ మీద డీటీపీ వాళ్ల అభ్యంతరం ఇంకోటి, అది న్యాయమైనదే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ సరుకు. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉన్నా, అనులో కొట్టిన పాత ఫైలు వాటిలో తెలుగుగా తెరుచుకోదు. డీటీపీకి వాడే మిషన్‌కు నెట్ పీకేసి విండోస్‌తోనే ఉంచడం మేలు. కరెంటు ఖర్చు సంగతీ నిజమే: ప్రెస్కాట్ రకం పెంటియం 4 జోరుగా పనిచేస్తే ప్రాసెసర్ ఒక్కటే 84 వాట్లు, కొన్నయితే 115 వాట్లు తింటాయి, రాస్ప్‌బెర్రీ పై బోర్డు మొత్తానికి అందులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. రోజంతా వెలగాల్సిన చోట పాతదాన్ని పెట్టడం దండగ. రోజుకు గంట పనైతే లెక్క తిరగబడుతుంది: ఆ కాస్త కరెంటు కోసం కొత్తది కొంటే పెట్టిన డబ్బు రావడానికి ఏళ్లు పడుతుంది. నిమ్మకాయల మండీలో సాయంత్రం లెక్కలు ఎక్కించడానికి, పిల్లలకు టైపింగ్ నేర్పడానికి నెట్ అక్కర్లేదు, 1 జీబీ ర్యామ్ ఎక్కువే. జీఎస్టీ రిటర్నులు, ఆన్‌లైన్ దరఖాస్తులు అంటే మాత్రం 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ 64 బిట్ మిషన్ చూసుకోవాలి. ఇదే లినక్స్ అందులో హాయిగా నడుస్తుంది.