ఉప్పు కబురు చెవిలోంచి!

నాలుక ముందు భాగం మీద పడ్డ ఉప్పు కబురు మెదడుకి చేరాలంటే చెవి దాటి వెళ్లాలి. జోక్ కాదు. కార్డా టింపనీ అనే సన్నని నరం కర్ణభేరి వెనక నుంచే వెళ్తుంది. చెవి ఆపరేషన్‌లో అది కాస్త సాగినా రుచి మారిపోవచ్చు.

అమ్మకి అదే అయింది. "ఎడమవైపంతా ఇనుము నాకినట్టుందిరా, నా చేతి రుచి పోయింది" అని వంట మానేసింది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే సెన్సర్ ఓకే, కేబుల్‌లోనే ప్రాబ్లం. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుందన్నారు డాక్టర్. అప్పటిదాకా ఉప్పు చూసే డ్యూటీ నాది, తిరగమోత ఆవిడది.

మీ ఇంట్లో కూర సడన్‌గా ఉప్పగా ఉంటే వంకలు పెట్టకండి. "నీకు రుచి తెలుస్తోందా?" అని ముందు అడగండి.